వెనక మూత

స్టేషన్ రోడ్డుల మెట్లకింద నా దుకాణం,
కుర్చీ ఏస్తే షట్టర్ పడదు.
ఇయ్యాల సదానందం సేటు వచ్చిండు,
ఎనుమాముల మార్కెట్ల పత్తి కొనే సేటు,
బోరెంల చెయ్యి పెట్టి చిటికెడు దూది గుంజి
మిషను కంటె ముందుగాలనే
"పద్నాలుగు తేమ" అనే సేటు.
గడియారం విప్పి గాజు మీద పెట్టిండు.
"ఓదేలూ, బాకీ కింద ఒకడిచ్చి పోయిండు.
స్విస్ మాలట, నాలుగు లక్షలట.
చూడు."

కంటికి భూతద్దం బిగించిన.
సెకన్ల ముల్లు టిక్కుటిక్కు అంటలేదు,
నీళ్ల మీద ఆకోలె జారుతాంది. సరే.
బరువున్నది. సరే.
తారీకు మీది బుడిపె అద్దం
ఇరవై మూడును ఇంత లావు చూపాలె,
జరంతనే చూపింది.
పేరుల అక్షరాల అంచులు
తడి వాకిట్ల ముగ్గోలె పాకినయి.
ఏమనలే.
వెనక మూత తిప్పిన.

స్క్రూల తలకాయల మీద గీతలు,
చక్రాల పండ్లకు అరగని గరుకు.
డబ్బ పెద్దది, లోపలి మిషను చిన్నది,
నడుమ సందుల తెల్ల ప్లాస్టిక్ ఉంగరం,
తండ్రి చెప్పులేసుకున్న పిలగాని కాలు తీరు.
"మూడువేలది సేటూ."

సేటు దాన్ని అరచేతుల తూకమేసిండు.
"టైమైతే మంచిగనే చూపిస్తది గద?"
"చూపిస్తది."
మళ్ల కట్టుకున్నడు.
మెట్లెక్కుతాంటే అంగి చెయ్యి
కిందికి గుంజుకున్నడు.

ఇదంత మా బాపు చూసిండు,
పరకాల బస్సు దిగి పొద్దటిసంది ఈడనే కూసున్నడు.
మిరుగం సొచ్చింది.
సంచిలకెల్లి పత్తిగింజల ప్యాకిట్లు మూడు తీసి
గడియారం లేచిన జాగల పెట్టిండు.
"ఇవి సుత చూడు బిడ్డా."

అక్షరాలు సూదిమొనలోలె ఉన్నయి.
మెరుపు బిళ్ల మెరుస్తాంది.
లాటు నంబరున్నది, తారీకున్నది.
పోయినేడాదివి సుత గిట్లనే ఉండె.
చెట్టు నడుమెత్తు పెరిగింది,
ఆకు మీద ఆకేసింది,
దసర పోయినా కాయ పట్టలే.
ఏరిన దోసెడు పత్తిల కూడా సేటు
చిటికెడు గుంజి పద్నాలుగు అన్నడు.

విప్పిన ప్యాకిట్ వాపసు తీసుకోరు.
అయినా బాపే పంటితోని మూతి చింపిండు.
గులాబి మందు పూసిన గింజనొకదాన్ని
చిమటతోని పట్టి తిప్పిన,
ఇటు తిప్పిన, అటు తిప్పిన.
స్క్రూ లేదు,
వెనక మూత లేదు.

బస్సు ఐదుంబావుకు.
గోడకు పదకొండు గడియారాలు,
ఒక్కోదాంట్ల ఒక్కో టైము.
బాపు నా నోరు దిక్కు చూస్తాండు.
కంటి మీది భూతద్దం
నేనింక తియ్యలే.