కొసరు

ఉదయం ఆరు. మైనస్ ఇరవై ఆరు.
అట్టల మిల్లు వెనక, సరస్సులోకి దిగే ఇనుప మెట్ల మీద
నేనూ, మూడు సీసాలూ, ఒక థర్మామీటరూ.
చేతి తొడుగు తీస్తే వేళ్ళు నావి కావు,
తీయకపోతే మూత రాదు.

ఫిన్లాండ్ మధ్యలో, మ్యాపు మీద వేలు పెడితే
వేలి కిందే మాయమయ్యే ఊరు మాది.
పదకొండేళ్ళుగా నా కొలువు కొలవడమే.
టన్ను అట్టకి ఎన్ని నీళ్ళు తాగాం,
ఎంత భాస్వరం కక్కాం,
సున్నం బట్టీ రాత్రంతా ఎంత నూనె మింగింది,
చిమ్నీ మెడలోంచి ఎంత గంధకం జారిపోయింది.
మిల్లు చేసిన సరుకుని లెక్కపెట్టేవాళ్ళు నలభై మంది,
మిల్లు పారేసినదాన్ని లెక్కపెట్టేదాన్ని నేనొక్కదాన్ని.

ముసలి తౌనో దగ్గర వేరే కొలత ఉండేది.
వల వేసి, దారాలకి జిగురు పట్టేదాకా
రోజులు లెక్కపెట్టేవాడు.
అతని కుర్రతనంలో రెండు.
నేను పనిలో చేరిన ఏడు తొమ్మిది.
పోయిన వేసవిలో ఇరవై మూడు.
నా పరికరాలన్నీ కలిసి చెప్పేదీ అదే,
కాస్త ఖరీదుగా.

ఇంజనీరు ఇల్తా సోర్మునెన్
ఒకరోజు నా మెట్ల మీదికొచ్చి, పొగలు కక్కే గొట్టం చూసి
"నాలుగు మెగావాట్లు
ఇక్కడ ఊరికే చస్తున్నాయి" అంది,
వీధిలో కుళాయి కట్టేయని ఇంటిని చూసి
మా అమ్మమ్మ అన్నట్టు.

నిజమే. ఇరవై నాలుగు డిగ్రీల నీళ్ళు.
చలికాలమంతా మా గొట్టం ముందు
సరస్సు గడ్డకట్టదు.
ఆ నల్లటి నీటి గుంటలో ఎనభై మూడు బాతులు,
దక్షిణానికి దారి ఉందన్న సంగతే
మరిచిపోయినవి.
తూకం అయ్యాక పిడికెడు వేస్తారే, కొసరు,
అలా పడింది వాటికి మా వేడి.
ఎవరూ వెయ్యలేదు. జారిపడింది.

ఏడాదిన్నర తవ్వారు. పైపులు వేశారు.
నవంబరులో వాల్వు తిప్పగానే
తొమ్మిది వందల ఇళ్ళూ, బడీ, ఈత కొలనూ వెచ్చబడ్డాయి.
ఊరి నూనె బాయిలరు ఆగిపోయింది.
ఏడాదికి ఆరు వేల టన్నుల పొగ
పుట్టకుండానే పోయింది.
నివేదికలో నా గీత కిందికి దిగింది, నిటారుగా,
నేను చూసిన అన్ని గీతల్లోకీ అందంగా.

గొట్టం నీళ్ళు: ఆరు డిగ్రీలు.

ఎవరూ అడగకపోయినా గుంటని అడుగులతో కొలిచాను.
డెబ్బై. నలభై ఒకటి. పద్దెనిమిది.
బాతులు ఎనభై మూడు. ఎనభై. ముప్ఫై నాలుగు.
ఫారంలో వాటికి గడి లేదు.
"ఇతర విషయాలు" అన్నచోట రాశాను,
అక్కడ మామూలుగా గీత గీసి వదిలేస్తాను.

ఇల్తా చదివింది. ఆ రోజు ఏమీ అనలేదు.
మర్నాడు క్యాంటీన్లో, సూపు చల్లారిపోతుంటే,
"ఎక్కడికి పోయాయి?" అంది.
నాకు తెలియదు. నా పరికరాలకీ తెలియదు.

తౌనోని అడిగాను.
మంచులో వేసిన చిన్న గుంటలోంచి
కన్ను తిప్పకుండా అన్నాడు:
"మిల్లు కట్టకముందు వాటికి దారి తెలుసు.
మరిపించింది మీరు.
పోయినవాటికి గుర్తొచ్చిందేమో.
రానివాటి సంగతి గడ్డ మీద చూసుకో."

చూసుకున్నాను. రెండు దొరికాయి.
అవి కూడా రాశాను.

సాయంత్రాలు ఈత కొలనుకి వెళ్తాను.
ఇరవై ఏడు డిగ్రీలు, నేనే కొలిచాను, అలవాటు.
పొద్దున మొద్దుబారిన వేళ్ళు
ఈ నీళ్ళలో ఒక్కొక్కటే తిరిగి నావవుతాయి.
పిల్లలు కాళ్ళు కొడుతూ, అరుస్తూ.
ఒక పాప ముక్కు మూసుకుని మునిగి
ఎంతసేపు ఉందో చెప్పమంటుంది.
పదకొండు సెకన్లు, అంటాను.
కొసరు కలిపి, పన్నెండు.

రేపు ఆరింటికి మళ్ళీ మెట్లు.
గుంట ఆరడుగులుంది.
అందులో ఇంకా నాలుగు.