మూడు పళ్ళు

"మందస కొండ ఎక్కనంటంది బావూ,
ఫస్టు గేర్లోనే ఆయాసం" అన్నాడు దానేసు.
బారువ చేపలు రెండు పెట్టెలు;
కరిగిన ఐసు సైలెన్సరు మీద సుయ్యిమంటోంది.

హరిపురం జంక్షన్లో, నా పాక ముందే
వెనక చక్రం విప్పాను.
నలభై రెండు పళ్ళూ ఒకవైపుకే వాలి—
"సొర నోరు కదేటి!"

నలభై అయిదుది బిగించి
చైనుకి రెండు లింకులు అతికి చెప్పాను:
"కొండెక్కుతాది. హైవే మీద మాత్రం
అరుపే గాని పరుగుండదు."

పదిహేను రోజులకి మళ్ళీ వచ్చాడు.
"ఎక్కతంది. గానీ మలుపుకాడ సవర గుంటలు
ఎప్పట్లాగే తొయ్యడానికి నిలబడుంటన్నారు,
తోపుకో కానాగంత కదా.
ఏటి సేత్తాను,
అక్కడ క్లచ్చి నొక్కి ఆపెత్తన్నాను."

నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అడిగాను:
"మరి నా మూడు పళ్ళూ?"

"అవి మిగతా కొండకి" అన్నాడు.