పదిహేడో బల్ల

మిల్డ్యూరా బడి హాల్లో, బాస్కెట్‌బాల్ గీతల మీద
ముప్పై నాలుగు బల్లలు.
పద్నాలుగు దేశాల పిల్లలు, వాళ్ళ వాళ్ళ నీళ్ళు
సీసాల్లో, జాడీల్లో, ఒకటైతే బిస్కెట్ డబ్బాలో.
నా మెడలో న్యాయనిర్ణేత అని బ్యాడ్జీ.
నిజానికి నేను నీటి శాఖ ల్యాబులో
గాజు గొట్టాలు కడిగి అంకెలు రాసే మనిషిని;
రావలసినాయనకి జలుబు చేసింది.

ఫిన్లండ్ కవలలు తొట్టెలో రోబో చేపను వదిలారు.
అది తోకాడిస్తే చప్పట్లు.
ఒమాన్ కుర్రాడు పొగమంచును పట్టే వల తెచ్చాడు.
మంచు లేని హాల్లో
తడిగుడ్డ పిండి పిండి చూపిస్తున్నాడు.

పదిహేడో బల్ల దగ్గర ఎవరూ ఆగటం లేదు.
బ్రోన్విన్ హాలొరన్, పదిహేనేళ్ళు, మోచేతి మీద మసి.
ఆప్రికాట్ గింజలు కాల్చి బొగ్గు చేసి
బోరు నీటిలో ఉప్పు తీద్దామనుకుంది.
అట్ట మీద ఆఖరి వాక్యం, పెద్ద అక్షరాల్లో:
ఉప్పు తగ్గలేదు.

మీటరు ముంచాను.
మూడువేల నూట నలభై.
వడకట్టాక, మూడువేల నూట ముప్పై ఎనిమిది.
"ఆ రెండూ మీటరు తప్పే," అంది తనే.
"ఎన్నిసార్లు చేశావు?"
"అరవై ఒకటి."
నోట్‌బుక్ తెరిచింది. నలభయ్యో రోజు పక్కన
ద్రాక్షపండు మరక, ఒక బూతుమాట, దాని మీద కొట్టివేత.
కిందే, అదే చేతిరాతలో, మళ్ళీ అంకె.

నా కాగితంలో గళ్ళు: కొత్తదనం, ఉపయోగం, ప్రదర్శన.
పెటిఫర్ గారు గడియారం చూసుకుంటూ
"పాపం, సున్నా ఎందుకు, మూడు వేసేయండి" అన్నారు.
పందొమ్మిదేళ్ళుగా నేను
అనుకున్న అంకె రానప్పుడల్లా గొట్టాన్ని అనుమానించాను,
మందును, త్రాసును, సోమవారాన్ని.
గళ్ళు దాటి, మార్జిన్‌లో తొమ్మిది వేశాను,
మార్జిన్ అంకెలు కూడికలోకి రావని తెలిసే.

కప్పు రోబో చేపకే వెళ్ళింది. బాగానే ఈదింది, కాదనను.

సాయంత్రం బల్లలు మడుస్తుంటే
ఆ పిల్ల బకెట్టుతో సింకు దగ్గర నిలబడి ఉంది.
"ఇందులో పోస్తే ఎక్కడికి పోతుంది?"
నదికా, శుద్ధి చెరువులకా, ఏ ద్రాక్షతోట వేళ్ళకా?
నీటి శాఖ జీతం తినే నేను
నీళ్ళు నమిలాను.

తను బకెట్టు మీద మూత బిగించింది.
బస్సులో రెండు పాదాల మధ్య పెట్టుకుని
వెనక్కి తీసుకుపోయింది,
ఆ ఉప్పు ఎక్కడిదో అక్కడికి.