గురివింద ఎత్తు

మా గల్లీల ఔసలి సదానందంచారి
ఇప్పుడు బంగారం తూస్తలేడు.
షోరూములొచ్చినంక చల్లారిన కొలిమి మీద
మనుమడు ఫోను ఛార్జింగు పెట్టుకుంటడు.
పదిహేను రోజులకోసారి నేను పోత,
కొంగుల ముడేసుకున్న గోలీలతోని.

"ఎనిమిది వంతులు" అంట.
"ముక్కుపుల్లకు గూడ ఇంత సన్నగ ఎవ్వలడగలె" అంటడు,
బూతద్దం కంటికి దోపుకొని బ్లేడు ఆనిచ్చుకుంట.

పది రోజులకే రాసిచ్చిండు మొదటి డాక్టరు,
మా ఆయన లారీ ములుగు రోడ్డు మీద బోల్తాపడ్డ వారం.
పది రోజులు ఆరేండ్లయినయి.
చిట్టీ మడతల కాడ చినిగి నాలుగు ముక్కలైంది.
మెడికల్ షాపు పోరడు చిట్టీ అడుగుడే మానేసిండు,
నా మొఖం కనవడితే చాలు, డబ్బా దిక్కు చెయ్యి పోయేది.

ఒకపాలి రోషానికొచ్చి మొత్తానికే బందు పెట్టిన.
మూడోనాడు ఎనుమాముల యార్డుల
మిర్చి కుప్ప మీద ఫిట్సొచ్చి పడ్డ.
నాతోని ముచ్చికలు తీసేటోళ్ళు
చేతుల తాళాలగుత్తి పెట్టి, ఆటోల ఏసి తీస్కపోయిండ్రు.
ఎంజీఎంల చిన్న డాక్టరమ్మ తిట్టలె.
"మెట్లు దిగినట్టు దిగాలమ్మా, దుంకొద్దు.
కాలు వణికితే ఆ మెట్టు మీదనే కూసో" అన్నది.

మెట్టు దిగినప్పుడల్ల
కాజీపేట కాడ కూసిన రైలు
నా దవడ పండ్లల్లకెల్లి పోతది.
ట్యూబులైటు నన్ను పేరు పెట్టి పిలుస్తది.
చర్మం కింద ఎవ్వలో బియ్యం చెరుగుతరు.
నడిరాత్రి లేచి గిన్నెలు తోముత,
తోమినయే మళ్ళ తోముత.
గోడ అవుతల హలీమా బీ అరుస్తది:
"రంజాన్ ఇంక మూడు నెలలున్నది గద అక్కా,
ఇప్పుడే సెహ్రీకి లేపుతున్నవా?"

ఒక్క ముచ్చట ఎవ్వలకు చెప్పలె.
మొన్న అమాసనాడు ఆయన నీళ్ళకని లోపలికి పోతే
తరాజు పళ్ళెంల మిగిలిన తెల్ల పొడి
వేలుకద్దుకొని నాకిన.
ఆయనొచ్చి పళ్ళెం దిక్కు చూసిండు.
నేల ఊడ్చిన దుమ్ముల బంగారమేరినోడు,
తెల్వదా?
అప్పటి సంది కోసుడైతనే
పళ్ళెం మీద ఉఫ్ మని ఊదుతడు. అంతే.

గురివిందకు తన నలుపు తెల్వదంటరు.
నాకు తెలుసు.
పదకొండు నెలల సంది ఎదురు పళ్ళెంల పెట్టుకొని
దాన్నే చూసుకుంట కూసున్న.
మొదటినాడు గోలి గోలంత దానికి సరితూగింది.

ఇయ్యాల పిసరంత పెట్టిండు.
తరాజు కదల్లె.
ఫ్యాను బందు జేసిండు. ఊపిరి బిగవట్టిండు. నేను గూడ.
"ఇది నా తరాజుకు అందదు బిడ్డా."

సంబురం గావాలె గద.
అరచేతులు సల్లబడ్డయి.
ఇగ మీదికెల్లి నన్నెవ్వలు తూస్తరు?

గల్లీ మలుపుకాడ మిర్చి బస్తాల ట్రాలీ పోయింది.
ఘాటుకు తుమ్మిన, ఒకటి, రెండు, ఏడు,
కండ్లల్లకెల్లి నీళ్ళు బొటబొట.
ఆరేండ్ల కిందియి గూడ అండ్ల కలిసినయో ఏమో.
తుడుసుకుందామని కొంగు పట్టుకుంటే
ముడి చేతికి తాకింది.
పొద్దుగాల యార్డు ఉన్నది.
ముడి ఇప్పలె.