మొక్కుబడి

మెరెడిన్ దాటి అరవై కిలోమీటర్లు.
కోత అయిపోయిన గోధుమ నేల,
దాని అంచున ఉప్పు పేరుకున్న తెల్లటి మడుగు,
రేకుల కప్పు, వాన నీళ్ల ట్యాంకు,
తొమ్మిది మందిమి.
మంగళవారం నుంచి ఎనిమిది.

బట్టల గది వంతు ఈ వారం నాది.
నల్లటి పెద్ద దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె తోస్తుంటే
ఆవిరిలోంచి ఒక తెలుగు మాట లేచింది,
ఎన్నాళ్లయిందో విని:
మొక్కుబడి.

మా నాయనమ్మ ఆరోగ్యమ్మకి దానికి ఒకటే అర్థం.
నాకు టైఫాయిడ్ వస్తే గుణదల మాతకి మొక్కుకుంది.
జ్వరం దిగింది.
ఫిరంగిపురం నుంచి నడిచింది, చెప్పులు చేత్తో పట్టుకుని.
నా జుట్టు ఇచ్చింది, కొవ్వొత్తి వెలిగించింది,
"తీరిపోయిందే" అంది,
అప్పు కట్టేసిన మొహంతో కొండ దిగి
నాకు పుచ్చకాయ ముక్క కొనిపెట్టింది.

బడిలో తెలుగు మాస్టారు అదే మాటని
నా నోటుబుక్కు మీద ఎర్రసిరాతో రాశాడు:
'మొక్కుబడిగా రాశావు.'
అంత దూరం నడిచిన మాట
ఇలా ఎప్పుడు చతికిలబడిందో
అప్పుడు తెలీలేదు.

నిత్య మాటపట్టు నాడు
కాగితం మీద సొంత చేత్తో రాయాలి,
బలిపీఠం మీద పెట్టి సంతకం చేయాలి.
"నీ భాషలోనే రాయి ఇన్నాసమ్మా,
ఆయనకి చదవడం వచ్చు" అంది మదర్ హిల్డా.
విధేయత అని రాశాను. అది తేలిగ్గానే వచ్చింది.
నిలకడ దగ్గర కలం ఆగింది.
ఇంగ్లీషువాళ్లు మాటని దాచుకుంటారు, నగలాగా.
మనం నిలబెడతాం, గుంజలాగా.
గుంజకి చెద పడుతుంది.

ఆ కాగితం ఇనప బీరువాలో ఉంది.
నేను తప్ప ఇక్కడ ఎవరూ చదవలేరు.
నేను తప్పినా
ఎవరూ పట్టుకోలేరు.

తర్వాత బోర్లా పడుకున్నాను, చల్లటి నేల మీద.
ఇదే దుప్పటి నా మీద కప్పారు.
లోకానికి చావడం అంటే ఇదే, ధ్యానించుకో అన్నారు.
గుడ్డ నిండా కలరా ఉండల వాసన.
తుమ్ము ఆపుకోవడంతోనే సరిపోయింది.

పన్నెండో ఏట ఒకసారి గేటు దాకా వెళ్లాను, సంచీతో.
నాయనమ్మ పోయిందని ఉత్తరం నెల ఆలస్యంగా వచ్చిన వారం అది.
దేవుడు ఆపాడని చెప్పుకోను.
గొళ్లెం తుప్పు పట్టి బిగుసుకుంది.
నూనె డబ్బా కోసం వెనక్కొచ్చాను,
వంటింట్లో బంగాళాదుంపలు బుట్టెడు, తొక్క తీసేవాళ్లు లేరు.
ఒకటి తీశాను.
ఇప్పుడు ఏటా ఆ గొళ్లానికి నూనె వేసేది నేనే.
తెరిచి, మూసి, చూస్తాను. బాగా తిరుగుతుంది.

సిస్టర్ పర్పెచువా చివరి నాలుగేళ్లు
పళ్లసెట్టు ఎక్కడ పెట్టిందో మరిచింది,
కెలర్‌బెరిన్‌లో తండ్రి పెంచిన గొర్రెల్ని మరిచింది,
డోరీన్ అన్న పాత పేరూ, పర్పెచువా అన్న కొత్త పేరూ.
పొద్దున గంజి తినిపిస్తుంటే మాత్రం
నా చేతిముడుసు పట్టుకునేది:
"కొత్తగా వచ్చావా?"
నిన్ననే వచ్చాను, అనేదాన్ని.
"ఉంటావా?"
ఉంటాను.

కొన్ని పొద్దులు ఆమె కళ్లలోకి చూసి చెప్పాను.
ఎక్కువ పొద్దులు
పొయ్యి మీద పొంగుతున్న పాలవైపు చూస్తూ చెప్పాను,
మాస్టారు ఎర్రసిరాతో రాసినట్టే.
ఆమె రెండూ ఒకేలా తీసుకుంది.
ఒకేలా నోరు తెరిచింది, చెంచా కోసం.

నాయనమ్మదీ మాస్టారిదీ ఒకే మాట.
మధ్యలో పడున్నవి నా పంతొమ్మిదేళ్లు,
తీరని మొక్కు.
తీరిపోతే ఏం చేసేదాన్నో.

దుప్పటి అంచుల్లో ఒకచోట కుట్టు విడిచింది, వేశాను.
ఎనిమిది మందిలో చిన్నదానికి యాభై నాలుగు.
బయట గులాబి గాలాలు ట్యాంకు మీద కొట్టుకుంటున్నాయి,
గోధుమ రైలు కూత దూరంగా.
మడత పెట్టి
రెండు కలరా ఉండలు వేశాను, కొత్తవి.
ఎవరో ఒకరు దీని కింద
తుమ్ము ఆపుకోవాలి కదా.