కింది మూల

రాత్రంతా ఎక్కడున్నావని అడుగుతున్నావు కదా హబ్తే,
ఇప్పుడు డీకనువి, అడగాల్సినవాడివే.
చెబుతాను. ముందా డప్పు కింద పెట్టి కూర్చో.
నిన్ను ఈ లోకంలోకి లాగిన చేతులివి,
వీటి ముందు నిలబడక్కర్లేదు.

నలభైమూడు రోజులు ఉపవాసమున్నాను.
పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు.
గెన్నా రాత్రికని కొత్త నెతెలా ఉతికి
మడత చెదరకుండా తలకింద పెట్టుకున్నాను.
కొండమీద మీ గంట మొదటిసారి మోగేటప్పటికి
చెప్పులేసుకుంటున్నాను, నిజం.
అప్పుడొచ్చాడు ఉప్పు మోసేవాడు.

మన భాష కాదు. మన ప్రార్థన కాదు.
దిగువ ఎడారి నుంచి ఒంటెలతో ఎక్కి వచ్చినవాడు.
ఒక చేత్తో కడుపు చూపించాడు,
రెండో చేత్తో చీకటిని.

సంత వెనక మేకల కొట్టంలో ఉంది ఆ పిల్ల.
మోమినా అట. పదిహేడుంటాయేమో.
చోటడిగితే మూడిళ్ళవాళ్ళు పండగ అన్నారట.
మూడో ఇల్లు మా అక్కది.
అది తర్వాత మాట్లాడుకుందాం.

బిడ్డ అడ్డం తిరిగింది.
మీరు పైన పాడుతున్నారు, దేవుడు దిగివచ్చాడని.
గాలి మళ్ళినప్పుడల్లా ఒక ముక్క వినబడేది,
తర్వాత మేక దగ్గు,
తర్వాత ఆ పిల్ల కేక,
మళ్ళీ మీ పాట.
ఏది ఆరాధనో ఏది పురుడో
కాసేపటికి నాకు తెలియలేదు.

తెల్లారగట్ల పుట్టింది. ఆడపిల్ల.
చలికి నీలంగా ఉంది.
చుట్టడానికి గుడ్డ లేదు, ఉప్పు గోనెలు తప్ప.
నేను మంచిదాన్నని అనుకోకు,
ముందు గోనెకేసే చూశాను.
నెతెలా ఖరీదు గుర్తొచ్చింది, నేతగాడికింకా బాకీ ఉన్నాను.
ఆ తర్వాతే చింపాను.
ఇంకోటి కూడా రాసుకో:
చేతులు వణుకుతుంటే వాళ్ళాయన మేకపాలు కాచి ఇచ్చాడు,
మీ పూజ ముగియకముందే తాగేశాను.
ఏ శిక్ష వేస్తారో వెయ్యండి.

నూట ఎనభై తలలు పట్టుకున్నాను హబ్తే.
ఒక్కటీ తనంతట మెడ నిలబెట్టలేదు.
మీరు పాడే ఆయనా అంతేగా?
చుక్కల్ని ఆకాశాన నిలిపినవాడికి
తల నిలవడానికి ఎవరిదో అరచెయ్యి కావాల్సొచ్చింది.
ఆ లేమిని ఎవరూ ఆయన నెత్తిన పెట్టలేదు,
కోరి తెచ్చుకున్నాడు.
నాకు చదువు రాదు.
ఆ మాట నాకు రాత్రి
అరచేతి మీద బరువుగా తెలిసింది, అంతే.

ఆ పిల్లకి ఇది పండగని తెలియదు.
నేను చెప్పలేదు.
నిద్రపోతుంటే ఎందుకు లేపడం?

వెళ్ళు, జనం చూస్తుంటారు నీకోసం.
ఒక్క పని చేసిపెట్టు.
గుడి గోడమీద ఆయన పుట్టిన బొమ్మ ఉంది చూడు,
పైనంతా రెక్కలూ బంగారమూ.
కింది మూలన తొట్టిలో నీళ్ళు పెట్టుకుని
ఓ ముసలామె కూర్చుని ఉంటుంది,
చేతులు మోచేతుల దాకా తడిసి.
కొవ్వొత్తుల పొగకి ఆమె మొహం నల్లబడిపోయింది.
పండగకి గోడ తుడిచేవాళ్ళంతా
రెక్కల దగ్గరే ఆగిపోతారు.

ఈసారి తడిగుడ్డ పట్టుకెళ్ళు.
కొంచెం వంగాల్సొస్తుంది.