చివరి వరుస

మైపాడు రోడ్డులో రొయ్యల షెడ్డు.
సాయంత్రం ఆరింటికి ఐసునీళ్ళు కాలవలోకి వదిలేస్తారు,
తలలు తీసిన చేతులన్నీ కాటా ముందు బారు తీరతాయి.
కాటాకి ఒక వైరు, వైరు కొసన నా కంప్యూటరు,
అందులో నేను రాసిన ఇరవై రెండు వరుసల స్క్రిప్టు:
పేరు చదువు, కిలోలు చదువు, కూలి కట్టు,
వరుసలు ఉన్నంతసేపూ చదువుతానే ఉండు.

నలభై ఒక్కమంది ఆడోళ్ళు.
చీటీలు నలభయ్యే వచ్చేవి.

"పాపా, నాది మళ్ళా యాడికి పోయింది?"
చెంగమ్మ అడిగేది, కోపం లేకుండా,
కోవూరు బస్సు ఇంకా రాలేదా అన్నట్టు.
ఐసుకి మొద్దుబారిన వేళ్ళు, ముల్లు గుచ్చుకున్నా ఆలస్యంగా తెలిసే వేళ్ళు,
అందరి బుట్టలూ తూగినాక గానీ ఆమె బుట్ట నిండేది కాదు.
"ముసల్ది తూకమే ఎయ్యలా" అని తేల్చేసేవాడు పెంచలయ్య మేస్త్రి.
నేను చేత్తో రాసిచ్చేదాన్ని.
కొన్నాళ్ళు మరిచిపోయేదాన్ని కూడా.

ఒక రాత్రి, దోమలబత్తి రెండో చుట్టు అయిపోతుండగా,
ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు నా ఇరవై రెండు వరుసలూ పరిచాను:
నలభై ఒకటి పెడితే నలభై వస్తున్నాయి, ఎందుకు?

ఒకాయన నా స్పెల్లింగు దిద్దాడు.
ఒకాయన పుస్తకం చదవమన్నాడు, ఏ పుస్తకమో చెప్పలేదు.
ఇంకొకాయన, ఈ భాషే పనికిరాదు, వేరేది నేర్చుకోమన్నాడు,
ఇల్లు కురుస్తోందంటే ఊరు మారమన్నట్టు.

రెండున్నరకి, గుండ్లకమ్మ అని పేరు పెట్టుకున్న మనిషి,
ఆడో మగో, ఒంగోలో ఒమానో,
ఒకే ఒక్క ప్రశ్న:
"చివరి వరుస అయ్యాక ఎంటర్ పడి ఉందా?"

లేదు.
మా కాటా ఎంటర్ ఎప్పుడు కొడుతుందంటే
వెనకాల ఇంకో బుట్ట ఎక్కినప్పుడు.
తర్వాతి మనిషి వస్తేనే ముందు మనిషి వరుస ముగుస్తుంది.
చెంగమ్మ వెనకాల ఎవరూ లేరు.
ముగియని వరుసని నా స్క్రిప్టు వరుస అనుకోలేదు,
చేతిలోకి తీసుకుని మరీ కింద పడేసేది.

గుండ్లకమ్మ పంపిన మందు అర వరుస.
తెలుగులో చెప్పాలంటే ఇంతే:
చదవడం అయిపోయిందనిపించినా
చేతిలో ఇంకా ఏమన్నా మిగిలుంటే
దాన్నీ లెక్కపెట్టు.

ఎట్టా కనుక్కున్నారని అడిగాను.
"మాది గ్రానైటు యార్డు. మూడు నెలలు రోజూ ఒక రాయి పోయేది.
వాచ్‌మన్ని మాన్పించాము కూడా.
ఎవరో చెప్పారు నాకు, పేరు గుర్తులేదు."
ఆ వాచ్‌మన్ సంగతి ఏమైందో అడగబోయాను,
పచ్చచుక్క ఆరిపోయింది.

మర్నాడు నలభై ఒక్క చీటీలు.
చెంగమ్మ తనది వెలుతురికి పట్టి చూసి, కొంగున ముడేసి
"మిషను బాగైందా పాపా" అంది.
బాగు కావాల్సింది మిషను కాదని చెప్పలేదు నేను.

పాత ఫైళ్ళు తెరిచాను.
ఒక్క తూకం కూడా పోలేదు.
ప్రతి రోజు అడుగునా ఆమె పేరు ఉంది, కిలోలు ఉన్నాయి,
నేనే చదవలేదు.
చేత్తో రాసిచ్చినవి తీసేస్తే పందొమ్మిది రోజులు.
పెంచలయ్య పదింటికి ఒప్పుకున్నాడు,
తొమ్మిదికి ఇంకా వచ్చే వారం, వచ్చే వారం అంటున్నాడు.

నిన్న రాత్రి ఎవరో కుర్రాడు,
హాస్టల్ మెస్సు లెక్కంట,
ఎంత చేసినా చివరి పేరు రావట్లేదని
ఏడుపు మొహం బొమ్మ పెట్టాడు.
గుండ్లకమ్మ ఇంకా రాలేదు.
నేనే అడిగాను:
ఆ చివరన ఉన్నది ఎవరు?
"అది ఎందుకండీ?" అన్నాడు.
సరేలే అని ఎంటర్ సంగతి చెప్పాను.
కాసేపటికి వాడే రాశాడు:
"కొత్తగా చేరినోడు. వారం నుంచి గెస్టు రేటు కడుతున్నాడు."